అరచుట్టు గంట

దయ్యాలంటే నాకు మొదటినుంచీ నవ్వులాటే. ఊళ్లో ఎవరికి పూనకం వచ్చినా, ముందు రెండు పూటలు కడుపునిండా అన్నం పెట్టండి, అదే దిగిపోతుందని చెప్పేదాన్ని. నా నోటికి మా అత్త కూడా జడిసేది. అలాంటిదాన్ని ఇప్పుడు ఇది చెబుతున్నాను.

డెబ్బైల చివర్లో మాట. శింగనమల దాటాక మూడు ఊళ్ల పోస్టాఫీసులకు కలిపి ఒకటే ఫోను తీగ. ముందు మా ఊరు, మధ్యలో వన్నూరప్ప ఊరు, చివర మా అక్క లక్ష్మిదేవి ఊరు. మా ఆయనా, మా బావా, వన్నూరప్పా ఇళ్ల ముందు గదుల్లోనే పోస్టు నడిపేవాళ్లు. ఎవరు ఫోను పిడి తిప్పినా మిగతా చోట్లా గంట మోగేది. అందుకే ఊరికో లెక్క. రెండుసార్లు మోగితే మాకు, మూడుసార్లయితే వన్నూరప్పకు, ఒకటే పొడుగు గంటయితే అక్కకు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. ఎత్తితే మాత్రం అన్నీ వినబడతాయి. ఎవరి కోడలు అలిగి పోయిందో మూడు ఊళ్లకూ తెలిసిపోయేది.

మా అక్కాచెల్లెళ్లిద్దరికీ వేరే గంట ఒకటి ఉండేది. మధ్యాహ్నం తీగ ఖాళీగా ఉన్నప్పుడు అక్క పిడిని సగమే తిప్పేది. టింగుమని చిన్న మోత. అది ఏ ఊరి లెక్కా కాదు. వన్నూరప్ప పెద్దమనిషి, ఆ మోత వింటే ఫోను ముట్టేవాడు కాదు. "అక్కాచెల్లెండ్లు ఏమో చెప్పుకుంటాంటారు, మనకెందుకప్పా" అనేవాడట. అమ్మ పోయాక నాకు పుట్టిల్లంటే ఆ మోతే.

ఆ ఏడు అక్కకు నెలలు నిండాయి. పెళ్లయిన చాన్నాళ్లకు నిలిచిన కడుపు. నా కొడుకు అప్పటికింకా పాలు తాగుతున్నాడు.

ఆ మధ్యాహ్నం వాడికి పాలిస్తుంటే టింగుమంది. ఎత్తాను.

"చిన్నమ్మీ, బిడ్డ ఏడుస్తాండాది. నీ పాలియ్యి. బిరీన రా" అంది అక్క. గొంతులో నీరసం లేదు. ఎప్పటిలాగే ఉంది. నేను నోరు తెరిచేలోగా అటు మాట ఆగిపోయింది.

మా ఆయనచేత బండి కట్టించి, పిల్లవాణ్ణి చంకనేసుకుని బయలుదేరాను. ఆడపిల్లో మగపిల్లాడో అడగలేదే అని దారంతా నన్ను నేను తిట్టుకున్నాను. సంతోషంగా ఉన్నాను.

వన్నూరప్ప ఊరు దాటాక బావ పొలంలో పనిచేసే ఓబులేసు సైకిలు మీద ఎదురొచ్చాడు. మమ్మల్ని చూసి దిగాడు.

"యాడికి పోతాండారమ్మా?"

"అక్క ఫోన్ చేసింది. బిడ్డకు పాలియ్యమంది" అన్నాను.

అతను సైకిలు స్టాండు వేసి బండి దగ్గరికి వచ్చాడు. "ఫోన్ యాడుండాదమ్మా? నిన్నటి గాలికి స్తంభం పడి తీగ తెగిపోయినాది. అందుకే మీకు చెప్పేదానికి నేనే వస్తాండా. అక్క పొద్దున్నే పోయినాదమ్మా. ఆడబిడ్డ. బిడ్డ బాగుండాది."

కొంచెం ముందుకు పోతే ఆ స్తంభం కంపచెట్ల మీద పడి ఉంది. తెగిన తీగ కొసను మా ఆయన చేత్తో పట్టుకుని చూశాడు. మా తీగ కలిసే శింగనమల ఎక్స్ఛేంజి నుంచి ఆ పూట మాకు ఎవరూ గంట కొట్టలేదని తర్వాత అడిగి తెలుసుకున్నాడు.

అక్కను వసారాలో పడుకోబెట్టారు. ఆమె పక్కనే కూర్చుని బిడ్డకు పాలిచ్చాను. అది తాగి నిద్రపోయేదాకా నేను ఏడవలేదు. తర్వాత నన్ను ఎవరూ ఆపలేకపోయారు.

కర్మలు అయ్యాక వన్నూరప్ప పలకరించడానికి వచ్చాడు. ఆ మధ్యాహ్నం మీకేమైనా గంట వినబడిందా అని అడిగాను.

"వినబడినాదమ్మా. టింగుమన్యాది. మీ గంట గదా అని నేను ఎత్తలేదు."

ఆ బిడ్డను నేనే పెంచాను. వాళ్లమ్మ గొంతు ఎట్లా ఉండేదని అడుగుతూ ఉంటుంది. తెగిన తీగలో ఆ గొంతు ఎట్లా వచ్చిందో మాత్రం నాకు ఇవాళ్టికీ తెలియదు. వన్నూరప్ప ఆ ఒక్కపూట మర్యాద తప్పి ఫోను ఎత్తి ఉంటే బాగుండేదనిపిస్తుంది. అక్క చివరి మాట విన్న మనిషి నాకు తోడు ఇంకొకరు ఉండేవాళ్లు.