కుక్క క్యాసెట్టు, గూడ్సు క్యాసెట్టు, వాన క్యాసెట్టు

ఆదివారం పొద్దున్నే మా మేనకోడలు ఫోను పట్టుకుని నా ఎదురుగా కూర్చుంది. దానికి డొరగుడ ఫ్యాక్టరీలో ఉద్యోగం. సెలవు దొరికితే చాలు, రైలెక్కి రాయగడలో మా ఇంటికి వచ్చేస్తుంది.

"మావయ్యా, నీకు అన్నిటికంటే ఇష్టమైన ఆల్బమ్స్ ఏటో సెప్పు. మా ఆఫీసు గ్రూపులో అందరూ పెడతన్నారు."

"ఆల్బమంటే ఏటే? పెళ్లి ఫొటోలా?"

"ఎటకారం సాల్లే. పాటల ఆల్బమ్."

"అయితే రాసుకో. కుక్క క్యాసెట్టు, గూడ్సు క్యాసెట్టు, కుక్కరు క్యాసెట్టు, వాన క్యాసెట్టు."

అది ఫోను పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. మావయ్యకు మతి పోయిందనుకుంది కాబోలు. అప్పుడు చెప్పాల్సి వచ్చింది.

నా చిన్నప్పుడు మేము కకిరిగుమ్మ రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్లం. నాన్నకు పాటలంటే ప్రాణం, పాటల క్యాసెట్లు కొనే స్తోమత లేదు. కొండలు దాటి తెలుగు రేడియో స్టేషను మా ఇంటి దాకా రావడమే గగనం. వంటింటి కిటికీ ఊచకు రాగితీగ కట్టి, రేడియోను ఆ మూల పెడితేనే పలికేది. దాని ఎదురుగా టేపు రికార్డరు పెట్టి, వచ్చిన పాట వచ్చినట్టు పట్టేవాళ్లం. ఆ రికార్డరుకు పాటా ఒకటే, పోపు చిటపటా ఒకటే. అందుకని పాట మొదలవగానే నాన్న చూపుడువేలు పైకి లేపేవాడు. ఇక ఇంట్లో గరిటె చప్పుడు కాకూడదు, ఎవరూ దగ్గకూడదు. ఇంత చేసినా ఎక్కడో ఒకచోట కుక్క మొరిగేది, కుక్కరు కూత పెట్టేది, పల్లవి మీదుగా గూడ్సు బండి పోయేది. ఏ క్యాసెట్టును ఏది పాడుచేస్తే దానికి ఆ పేరే.

రికార్డరు మీట నొక్కే పని మా అప్పది. మా వైపు అక్కను అప్ప అంటాం. ఈ పిల్ల తల్లి ఆవిడే. వసపిట్ట. నిద్రలో కూడా కబుర్లు చెప్పేది. అటువంటి మనిషి పాట వస్తున్నంతసేపూ ఒక చెయ్యి మీట మీద, ఒక చెయ్యి నోటి మీద పెట్టుకుని, కళ్లు ఇంతింత చేసుకుని కూర్చునేది. ఆ అవతారం చూసి నాకు నవ్వు తన్నుకొచ్చేది. నవ్వితే వీపు మోగేది.

నా కబుర్లకు మేనకోడలు నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"అయితే ఆ క్యాసెట్లలో అమ్మ మాట ఉంటాదా?"

ఈ పిల్ల దోగాడుతుండగానే మా అప్ప మలేరియా తలకెక్కి పోయింది. ఫొటోలున్నాయి. గొంతు ఎక్కడా లేదు.

"ఎలగుండేది మావయ్యా అమ్మ గొంతు?"

చెబుదామని నోరు తెరిచాను. అప్ప అన్న మాటలు బోలెడు గుర్తున్నాయి. గొంతు మాత్రం గుర్తుకు రాలేదు. ఎంత గింజుకున్నా రాలేదు. నాకు భయం వేసింది. తోబుట్టువు గొంతు మరిచిపోతాడా ఎవడైనా?

కుక్క మొరుగు మాత్రం మరవలేదు, చూడండి. ఆ పాటలు ఇప్పుడు ఆటోలో విన్నా, పెళ్లి పందిట్లో విన్నా, రెండో చరణం దగ్గర కుక్క మొరుగుతుంది. నా చెవిలోనే. చుట్టూ చూస్తాను. ఎవరూ ఉలకరు. ఆ మొరుగు వెనకాల ఊపిరి బిగబట్టుకుని ఒక మనిషి కూర్చున్నట్టుంటుంది. పాట అయిపోయినా ఆ మనిషి లేచిపోదు. ఇన్నేళ్లుగా నేను పాటలకు దూరంగా ఉండడానికి కారణం అదే. ఇంట్లోవాళ్లకు తలనొప్పి అని చెబుతాను.

అప్ప పోయాక నాన్న ఒక్క పాట కూడా పట్టలేదు. వేలెత్తే అవసరమే లేకపోయింది. ఇంట్లో అందరం నోళ్లు మూసుకునే ఉండేవాళ్లం.

క్యాసెట్లు పెట్టెలో ఉన్నాయి. పాత ప్లేయరును బజారులో బాగుచేయించి, తరువాతి ఆదివారం మేనకోడలి ముందు పెట్టాను. కుక్కరు క్యాసెట్టుకు బూజు పట్టి పలకనేలేదు. కుక్క క్యాసెట్టు రెండు వైపులా విన్నాం. నా చెవిలో మొరిగే కుక్క అక్కడ బయటికే మొరిగింది. గూడ్సు క్యాసెట్టులో బండి వచ్చింది, పెట్టె తరవాత పెట్టె పోయింది. మేనకోడలు స్పీకరుకు చెవి ఆనించి కూర్చుంది. అప్పది ఒక్క మాటా లేదు. మా అప్ప అంత బుద్ధిగా పని చేసింది.

"వాగుడుకాయ అన్నావు కదా మావయ్యా! ఏదీ? తాతకి మనిషి కంటే పాటలే ఎక్కువైపోనాయా?"

"నోర్ముయ్యవే! మనిషి పోతాదని ఎవడికి తెలుసు?" అని కసిరాను. కసిరాక ఏడుపొచ్చింది. దానికీ వచ్చింది.

మిగిలింది వాన క్యాసెట్టు. అది అన్నిట్లోకీ చెత్తది. రేకుల మీద వాన తప్ప పాట సరిగ్గా వినపడి చావదు. ఒక వైపు అయిపోయింది. రెండో వైపు నడిమికి వచ్చేసరికి నేను ఆశ వదులుకుని కిటికీ వైపు తిరిగాను. పాట ఆగింది. ఆ వానలో పాట అయిపోయిందో లేదో మా అప్పకు తెలియలేదు కాబోలు, మీట నొక్కడం ఆలస్యం చేసింది. కాసేపు ఉత్త వాన. ఆ వానలోంచి,

"నాన్నా, ఇప్పుడు మాటాడొచ్చా?"

మీట టక్కుమంది. వెంటనే ఇంకో పాట.

అదే గొంతు. జలుబు చేసినట్టు కాస్త ముక్కుతో. ఇలాగే ఉండేది కదే, ఇలాగే ఉండేది! ప్రతి పాటకీ అదే మాట అడిగేది. నేను దాన్ని ఎలా మరిచిపోయానో నాకు తెలియదు.

మేనకోడలు స్పీకరు మీద చెయ్యి వేసింది. "సిన్నపిల్ల మావయ్యా," అంది. "నాకంటే సిన్నపిల్ల."

క్యాసెట్టు వెనక్కి తిప్పింది. మళ్లీ వాన వచ్చింది, మళ్లీ మా అప్ప అడిగింది. ఈసారి ఆ తరువాతి పాట రాకముందే మేనకోడలు మీట నొక్కి ఆపేసింది.

"మాటాడమ్మా," అంది.