బాపు కడుపు, నా గాజుపళ్లెం

హైదరాబాదులోని ఒక పరిశోధనశాలలో మూడేళ్లుగా నా పని కడుపులు పెంచడం. మనిషి కడుపు లోపలి పొర నుంచి తీసిన కణాలను గాజుపళ్లెంలో సాకితే సజ్జగింజంత బుడగలవుతాయి. కొందరికి కడుపులో యాసిడ్ తయారుచేసే కణాలు చచ్చిపోతాయి. ఎప్పటికైనా వాళ్లకు ఈ కొత్త పొరను అతికించాలన్నది మా ఆశ. మా బుడగలు ఖరీదైన ద్రవం తాగి బాగానే పెరిగేవి. యాసిడ్ మాత్రం చేసేవి కావు.

భువనగిరి దగ్గరి ఊళ్లో గొర్రెలు కాసే మా బాపు అప్పటికే రోజూ పొద్దున గ్యాస్ గోలీ వేసుకునేవాడు. తిన్నది అరగట్లేదంటే ఊరి ఆరెంపీ డాక్టరు ఇచ్చిన గోలీ. యాసిడ్‌ను తగ్గించే గోలీ. ఇంటికి వెళ్లినప్పుడల్లా ఆ డబ్బా నేనే కొనుక్కెళ్లేదాన్ని.

ఒక ఎండాకాలం బాపు కాలి చెప్పు జారిపోయినా తెలియకుండా మంద వెంట చాలా దూరం నడిచాడు. ముల్లు దిగి నెత్తురు కారుతుంటే పక్క మంద కాపరి చూసి చెప్పాడట. దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ ముందు నాలుక చూసింది, నున్నగా ఉంది. రక్తపరీక్ష చేయించి, గొట్టం వేసి కడుపు చూసింది.

"మీ నాయన కడుపుల యాసిడ్ చేసే కణాలు దాదాపు లేవమ్మా. అందుకే బీ12 విటమిన్ ఒంటికి పట్టక కాళ్లు మొద్దుబారినయ్. గీ గోలీలు ఎవరు తెచ్చిస్తున్నరు?"

"నేనే," అన్నాను. నేనేం పని చేస్తానో ఆమె అడగలేదు.

బయటికొచ్చాక బాపు అడిగాడు. "నువ్వు పెంచుతున్నవి గవేనా బిడ్డా?"

"గవే బాపు."

"మరి జర నాకిన్ని తేరాదు?"

"ఇంకా పనిచేస్తలేవు."

"మూడేండ్లాయె గదా. మూడేండ్లు ఈనని గొర్రెను నేనైతే మందల ఉంచ."

గోలీలు మానేశాడు. బీ12 సూదులు మొదలయ్యాయి, తర్వాత నెలకొకటి చాలన్నారు. ఊరి నర్సమ్మే వేస్తుంది. ఆర్నెల్లకు కుడికాలికి స్పర్శ వచ్చింది. ఎడమ బొటనవేలు ఇప్పటికీ మొద్దే.

ఆ చలికాలం మా బుడగల్లో ఒకదానిలో వేసిన రంగు మారింది. యాసిడ్ ఊరితేనే మారే రంగు అది. మా సార్ అందరికీ బాదుషాలు పంచాడు. నేను బాపుకు ఫోన్ చేశాను.

"ఎంత ఊరింది?"

"సూదిమొనకు అంటేటంత గూడ లేదు."



"మంచిదే బిడ్డా. రేపు సూదికి నర్సమ్మ రమ్మన్నది. పోవాల్నా, వద్దా?"

"పో బాపు," అన్నాను.