పేరు కప్పిన పేపరు

నేను రిటైరవడానికి మూడేళ్ల ముందు, ఏప్రిల్ నెలలో, విజయనగరంలో డిగ్రీ చరిత్ర పేపర్ల స్పాట్ వాల్యుయేషన్‌కి నన్ను చీఫ్ ఎగ్జామినర్‌గా వేశారు. నా కింద ఆరుగురు లెక్చరర్లు దిద్దుతారు. పేపరు మీద పేరూ, హాల్ టికెట్ నంబరూ ఉన్న ముక్క చింపేసి, కోడ్ నంబరు వేసి మాకిస్తారు. పాసుకు దగ్గర్లో ఆగిన ప్రతి పేపరూ చీఫ్ మళ్లీ చూడాలి. ఇరవై ఎనిమిదేళ్లుగా దిద్దుతున్నాను కనుక ఈ పనిలో నాకు తెలియని మతలబు లేదనే ధీమా ఉండేది.

రెండో రోజు భోజనాలయ్యాక, పాతపట్నం నుంచి వచ్చిన అప్పలనాయుడు ఒక పేపరు తెచ్చాడు. పాసుకు రెండు మార్కులు తక్కువ. చైనాలో సోంగ్ వంశం సాధించిన ఘనతలు రాయమన్న ప్రశ్నకి పదికి నాలుగు వేశాడు.

“కీలో నేని ముక్కొకటి రాసీసినారు మాస్టారూ. ఏటి సేద్దామంటారు?” అన్నాడు. కీ అంటే ఏ పాయింటుకు ఎన్ని మార్కులో ముందే రాసిచ్చే కాగితం.

చదివాను. విడి అక్షరాలతో అచ్చు, దిక్సూచి, తుపాకిమందు, కాగితపు డబ్బు రెండేసి వాక్యాల్లో ముగిసిపోయాయి. తర్వాత పేజీ అంతా ఒకటే సంగతి. సోంగ్ రాజులు కొలువులకు పరీక్షలు పెట్టి, జవాబు పత్రం మీద పేరు కప్పేయించేవారట. అదీ చాలక, దిద్దేవాడు దస్తూరీ గుర్తుపట్టకూడదని గుమాస్తాల చేత మొత్తం తిరగరాయించేవారట.

అది మా పాఠ్యపుస్తకంలో లేదు. ఏటా క్లాసులో నేను నోటితో చెప్పేది. అప్పుడు దస్తూరీ చూశాను. ‘ళ’ తోకను పక్క అక్షరం కిందికి లాగడం మా క్లాసు గౌరి అలవాటు. సముద్రం ఒడ్డున చేపలమ్మే ఇంటి పిల్ల. ఒకసారి ఈ పేపరు తప్పింది. ఈసారీ పోతే చదువు మాన్పించి గంప నెత్తికెత్తుతామని ఇంట్లో చెప్పేశారు.

కలం మూత తీశాను. రెండు మార్కులు కలిపే అధికారం నాకుంది, కలిపినా అడిగేవాడు లేడు. చేయి ఆగిపోయింది. ఏ దిద్దేవాణ్ణి చూసి సోంగ్ రాజులు భయపడ్డారో ఆ మనిషి అచ్చంగా నేనే.

గుర్తుపట్టిన పేపరును క్యాంపు ఆఫీసరుకు అప్పజెప్పాలి. అప్పజెప్పి ఒక్కటే అడిగాను. అప్పలనాయుడు ఆ జవాబును తెల్లకాగితం మీద తిరగరాయాలి, పక్క టేబుల్ చీఫ్ వరలక్ష్మి మేడమ్ దిద్దాలి, ఎన్ని మార్కులు తక్కువో ఆవిడకు చెప్పకూడదు.

ఆఫీసరు నన్ను ఎగాదిగా చూశాడు. “సైనా రాజుల పని ఇజీనారంలో సేయిస్తన్నారేటి మాస్టారూ?” అన్నాడు గానీ ఒప్పుకున్నాడు.

మేడమ్ ఏడు వేసింది. కీ రాసినవాళ్లకు తట్టకపోతే పరీక్ష రాసినవాళ్ల తప్పెలా అవుతుందని అడిగింది. పేపరు గట్టెక్కింది. ఆ రోజు హాయిగా ఇంటికి పోయాను.

జూన్‌లో కాలేజీ తెరిచాక గౌరి టీసీ కోసం వచ్చింది. చరిత్ర పాసయ్యావు కదా అన్నాను.

“ఆ పరీచ్చకి నేను ఎల్లనేదు మాస్టారూ. మా యమ్మకి జొరమొచ్చింది. ఆ దినం గంప నేనే ఎత్తుకున్నాను. ఇంక అదే పని” అంది.

టీసీ దరఖాస్తు మీద నా సంతకం ఎక్కడ పెట్టాలో కూడా గుమాస్తా వేలుపెట్టి చూపించాల్సి వచ్చింది.

ఆ పేపరు ఎవరిదో ఇప్పటికీ తెలియదు. ఆ సంగతి చెప్పే లెక్చరరు ఇంకొకరు ఎక్కడో ఉన్నారన్నమాట. దస్తూరీ చూసి మనిషిని చెప్పగలనని స్టాఫ్‌రూములో ఏళ్ల తరబడి గొప్పలు పోయాను. ఆ నమ్మకంతో అంతకుముందు ఎన్ని పేపర్ల మీద మార్కులు కలిపానో, ఎన్నిటి మీద బిగబట్టానో, అవి ఎవరివో నాకే తెలియదు. పేరు కప్పేది లంచం తినేవాణ్ణి ఆపడానికని క్లాసులో చెప్పేవాణ్ణి. నాలాంటి జాలిగుండె వాణ్ణి ఆపడానికి కూడా అని చెప్పడం ఆ ఏడాది నుంచి మొదలుపెట్టాను.