నూట నాలుగు అంగలు

బాబాయి పోయాడన్న కబురు వచ్చేసరికి నా చేతిలో మూత తీసిన టీకా సీసా ఉంది. గురజాల పక్కన ఒక ఊళ్లో, పొద్దున ఏడింటికే నెత్తి మాడ్చే రోహిణి ఎండలో గొర్రెలకు దొమ్మ రోగం టీకాలు వేస్తున్నాను. గొర్రెల ఆసామి ఫోను చెవిన పెట్టుకుని విని, నా వైపు తిరిగి, "మీ కాంపౌండరు పోయాడంటమ్మా. తెల్లారి లేపితే లేవలేదంట" అన్నాడు. నేను ఏడవలేదు. సూది గుచ్చుతూనే ఉన్నాను. మూత తీసిన సీసా ఎవరి చావు కోసమూ ఆగదని నాకు నేర్పింది ఆయనే. ఇంకా నలభై గొర్రెలున్నాయి. ఆ నలభై అయ్యాక ఐసు పెట్టె మీద కూలబడి, ఆసామి నీళ్ల చెంబు పట్టుకుని నిలబడి చూస్తుండగా, వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆయన నాకు సొంత బాబాయి కాదు. మా ఊరి పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. తాటిచెట్టంత మనిషి. పక్కన నడవాలంటే మేమంతా పరిగెత్తాల్సిందే. డాక్టర్లు వచ్చారు, బదిలీ మీద పోయారు. ఈయన మాత్రం రిటైరైనా ఆ గడప వదల్లేదు. అదే పనిని ఇప్పుడు నేను సచివాలయం ఉద్యోగిగా చేస్తున్నాను. నాకు తెలిసిన దానిలో సగం పాలిటెక్నిక్‌లో నేర్చుకున్నాను, పనికొచ్చే సగం ఆయన దగ్గర నేర్చుకున్నాను.

పశువు చచ్చిందని ఎవరైనా వస్తే అందరూ "ఏమైంది?" అంటారు. ఆయన అలా అడిగేవాడు కాదు. "యాడ మేసింది? యాడ తాగింది?" ఈ రెండే. మేకలు నురగ కక్కితే ఏ పత్తి చేలో ఏ రోజు మందు కొట్టారో కనుక్కుని, అటు తోలొద్దని ఊరూరూ చెప్పి వచ్చేవాడు. దూడల పళ్లు గారపట్టి అరిగిపోతే ఆ ఇంటి బోరు నీళ్లు సీసాలో పట్టించి ఫ్లోరైడు పరీక్షకు పంపేవాడు. అమ్మకు ఒకసారి విరేచనాలైతే మంచం పక్కన నిలబడి, "వదినా, యాడ తాగావు?" అన్నాడు. "నేనేమన్నా బర్రెనా?" అని అమ్మ అంత నీరసంలోనూ లేచి కూర్చుంది. "బర్రెయితే చెప్పేది గాదు, నేనే ఎతుక్కునేవోణ్ణి. నువ్వు చెప్పగలవుగా, చెప్పు" అన్నాడు ఆయన, నవ్వకుండా.

ఇంకో అలవాటు ఉండేది. ఎవరు ఎదురుపడినా చేయి పట్టుకుని, తిప్పి, మోచేతి దాకా చూసేవాడు. చేయి చూసి జాతకం చెబుతాడని కొత్తవాళ్లు అనుకునేవాళ్లు. మాచర్ల బస్టాండులో ఒకామె కూతురి పెళ్లెప్పుడవుతుందో చెప్పమని వెంటపడింది కూడా. ఆయన చూసేది నల్ల పుండు కోసం.

దొమ్మ అంటే తెలియని వాళ్లకు కాస్త చెప్పాలి. పొద్దున మేతకు వెళ్లిన పశువు సాయంత్రానికి నిలువునా పడిపోతుంది. ముక్కులోంచి నల్లటి నెత్తురు కారుతుంది, అది గడ్డకట్టదు. ఆ కళేబరాన్ని కోయకూడదు, తోలు వలవకూడదు. వలిచిన మనిషి చేతి మీద నల్ల పుండు లేస్తుంది, ఆలస్యం చేస్తే మనిషి కూడా పోతాడు. చెవి కొసన చిన్న గాటు పెట్టి, గాజు పలక మీద ఒక్క చుక్క తీసి, గాటు మూసేసి, ఆ పశువును లోతుగా పాతిపెట్టాలి. పాతిపెట్టినా పీడ వదలదు. ఆ విషం మట్టిలో పదుల ఏళ్లు పడుకుని ఉండి, తొలి వానకు పైకి తేలుతుంది. గొర్రె మూతి నేలకు ఆనించి మేస్తుంది కనుక ముందు దానికే తగులుతుంది. "మట్టికి మతిమరుపు లేదమ్మాయ్, మనకే" అనేవాడు బాబాయి.

అందుకే పశువును పాతిన ప్రతిచోటా గుర్తు పెట్టాలని ఆయన పట్టుదల. మొదట తన డబ్బుతో రేకు బోర్డులు రాయించి పాతాడు. నెల తిరక్కుండా ఒక బోర్డు కోళ్ల గూటికి కప్పయింది. ఇంకోదాన్ని ఎవరో మరుగుదొడ్డికి తలుపుగా పెట్టుకున్నారు, "ఇక్కడ మేపరాదు" అన్న అక్షరాలు బయటికి కనబడేలా. అప్పుడు నాపరాళ్ల మీద పడ్డాడు. మా వైపు నాపరాయికి కరువేముంది! మోకాలెత్తు రాళ్లు కొట్టించి, సున్నం వేసి, పైన ఎర్రరంగు పట్టీ వేసి, గుంటకొకటి పాతాడు.

ఎరుపంటే ప్రమాదమని ఆయన అనుకున్నాడు. తెలుపు మీద ఎరుపంటే అమ్మవారని ఊరు అనుకుంది.

వారంలోపే రాళ్ల ముందు పసుపు, వేపమండలు, కొబ్బరి చిప్పలు. ఒకరోజు ఒకామె ఏకంగా పొట్టేలునే తోలుకొచ్చిందని తెలిసి, మోపెడ్ వేసుకుని పరిగెత్తాడు. ఆ ముచ్చట ఆయనే వంద సార్లు చెప్పాడు మాకు.

"ఏందమ్మా ఇది?"

"మావోడికి జరం తగ్గితే ఏట కోస్తానని మొక్కుకున్నా కాంపౌండరూ."

"ఈ అమ్మ నెత్తురు తాగదు. గొర్రె వాసన వస్తేనే గిట్టదు. మందలకి మందలే తీసకపోద్ది."

"నీకెవురు చెప్పారు?"

"పశువుల చెవుల్లో నెత్తురు తీసేవోణ్ణి. నా చెవులో చెప్పక ఇంకెవరి చెవులో చెప్పిద్ది?"

ఆమె పొట్టేలును వెనక్కి తోలుకుపోయింది. ఆ తర్వాత ఆ రాళ్ల దరిదాపుల్లో ఎవరూ మేపలేదు. "బోర్డుకి భయపడనోళ్లు అబద్ధానికి భయపడ్డారు. అదీ అబద్ధమేం గాదులే" అనేవాడు. అన్నాక చాలాసేపు తన చేతులు తను చూసుకునేవాడు.

ఇక్కడిదాకా హాయిగా రాశాను. ఇక మా ఇంటి సంగతి రాయాలి.

నేను ఇంటర్ చదివేటప్పుడు మా గేదె పడిపోయింది. మూడో ఈత గేదె, కొమ్ములు దగ్గరికి మెలిదిరిగి ఉండేవి, నేను తప్ప ఎవరు పితికినా తన్నేది. బాబాయి వచ్చి చెవి నెత్తురు తీశాడు, దొమ్మే. మిరప చేలోనే గుంట తీయించి పాతించాడు. చేతులు కడుక్కోవడానికి నేను నీళ్లు పోస్తుంటే, మోపెడ్ మీద తెచ్చిన రాయి వైపు చూపించి, "దీన్ని పాతి పోతా అన్నా" అన్నాడు నాన్నతో.

నాన్న ఒప్పుకోలేదు. "రాయి వద్దు తమ్ముడూ. ఇయ్యాల రాయి పాతుతావు, రేపు పసుపు పూస్తారు, ఎల్లుండి గుడి కడతామంటారు. ఆ ఎకరంన్నరే గదా నాకున్నది."

నాన్న భయం ఉత్త భయమేమీ కాదు, అలా పోయిన చేలు మా ఊళ్లోనే ఉన్నాయి.  బాబాయి తుమ్మచెట్టు దగ్గర నుంచి గుంట దాకా బోరు వైపు పొడుగు అంగలు వేశాడు. "పదకొండు. నేను గుర్తుపెట్టుకుంటాలే" అని, నా వైపు చూసి, "నువ్వూ ఇన్నావుగా?" అన్నాడు. విన్నాను. తల ఊపాను. ఆ రాయిని మళ్లీ మోపెడ్‌కు కట్టుకుని వెళ్లిపోయాడు.

తర్వాత నేను పాలిటెక్నిక్‌కు వెళ్లాను. నాన్న కాలం చేశాడు. అన్నయ్య చేను చదును చేయించాడు. తుమ్మచెట్టు కొట్టేశారు, ఎండిన బోరును పూడ్చేశారు. ఎవరూ చెడ్డపని చేయలేదు. వ్యవసాయంలో అందరూ చేసేదే. ఆ ఏడు తొలకరికి, ఎరువు కోసం, కృష్ణ అవతల నుంచి వచ్చిన గొర్రెల మందను అన్నయ్య చేలో కట్టించాడు. నాకు ఫోనులో చెప్పాడు కూడా, మంద బలే దొరికిందే అని. నేను ఊఁ అన్నాను. పరీక్షల హడావిడిలో ఉన్నాను. ఊఁ అన్నాను, అంతే. ఆ ఊఁ ఇప్పటికీ నా చెవిలో వినబడుతుంది.

మూడో రోజు నుంచి గొర్రెలు పడిపోవడం మొదలైంది. మంద కాపరి, పాపం, తోళ్లయినా దక్కుతాయని రెండింటిని వలిచాడు. బాబాయికి తెలిసి వెళ్లేసరికి అతని ముంజేతి మీద పుండు నల్లబడి ఉంది. మోపెడ్ మీద ఎక్కించుకుని నరసరావుపేట పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, నయమయ్యేదాకా అక్కడే ఉన్నాడు. మనిషి బతికాడు. ఊరికి బయల్దేరేటప్పుడు ఆ కాపరి తన కాళ్ల మీద పడబోతే బాబాయి నిప్పు తొక్కినట్టు వెనక్కి గెంతాడట.

"నాకు మొక్కబాక. నీకా పుండు పెట్టింది నేనే."

కాపరికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఆ మాటలో నేను కూడా ఉన్నాను. నేను ఈ ఉద్యోగంలోకి సేవ చేద్దామని రాలేదు, ఆ పుండుకు భయపడి వచ్చాను.

అప్పుడైనా రాయి పాతమన్నాం. అన్నయ్య కూడా సరేనన్నాడు. కానీ ఎక్కడ పాతాలి? పదకొండు అంగలు వేయడానికి చెట్టేది, బోరేది? "గుర్తులు పెట్టుకున్నా గానీ, గుర్తులు గూడా చస్తాయని తెలవలా" అన్నాడు బాబాయి. పోనీ ఎక్కడో ఒకచోట పాతుదామంటే కోపం వచ్చేది ఆయనకు. "తప్పు చోట పాతిన రాయి కంటే రాయి లేకపోవటమే నయం. రాయిని తప్పించుకుని మేపేవోడు గుంట మీదే మేపితే?"

అప్పటి నుంచి ప్రతి రోహిణి కార్తెలో, వానలకు ముందు, ఒక్కడే మా చేలో నడిచేవాడు. కాలవ తూము దగ్గర నిలబడి, కళ్లు మూసుకుని, పాత చెట్టును మనసులో నిలబెట్టుకుని, అంగలు వేసుకుంటూ పోయేవాడు. ఆగేవాడు. వంగి మట్టి చూసేవాడు. తల అడ్డంగా ఊపి మళ్లీ తూము దగ్గరికి వచ్చేవాడు. దారిన పోయేవాళ్లు ముసలాయనకు మతి చలించిందని అనుకున్నారు. నేను చూసినప్పుడల్లా నాకు పక్కకు పోయి దాక్కోవాలనిపించేది.

పెద్దకర్మ రోజున పిన్ని నన్ను పెరట్లోకి పిలిచింది. ఆమెకు మాట దాచుకోవడం రాదు.

"మీ చేలోకి పొయ్యొచ్చే పడుకున్నాడే. మిట్టమధ్యాహ్నం వచ్చాడు. మజ్జిగ తాగాడు. రాత్రికి గూడా అన్నం వద్దన్నాడు. ఆ ఎండలో పోబాకయ్యా అంటే ఇంటేగా!"

 ఆమె గోడ వైపు చూపించింది. "నీ రాయి. తీసకపో."

నాన్న వద్దన్న రాయి. ఇన్నేళ్లూ పెరటి గోడకు ఆనించి ఉంది. సున్నం తెల్లగా ఉంది, ఎర్రపట్టీ నిగనిగలాడుతోంది. ఏటా రోహిణికి కొత్తగా వేసేవాడట. పండగకు కూడా గోడలకు అంత శ్రద్ధగా వేయలేదని పిన్ని అంది. భూమిలోకి పోయే అడుగు భాగానికి మాత్రం సున్నం లేదు. అక్కడ మేకుతో గీసిన అంకెలున్నాయి. తూము నుంచి తొంభై, కొట్టివేత. తొంభై ఏడు, కొట్టివేత. నూట పన్నెండు, కొట్టివేత. ఏడాదికొకటి. అన్నిటికంటే కింద, గీత ఇంకా కొత్తగా, తూము నుంచి నూట నాలుగు.

దాని మీద కొట్టివేత లేదు.

ఆ రోజు దొరికిందా? లేక తప్పని తెలిసీ, లోపలికి వెళ్లి మజ్జిగ తాగి వచ్చి కొట్టేద్దాంలే అనుకున్నాడా? పిన్నిని అడిగాను. "ఏమో తల్లీ, గీశాడు, చేతులు కడుక్కున్నాడు" అంది.

రాయి ఇంటికి తెస్తే అన్నయ్య తల పట్టుకున్నాడు. గిడ్డంగి కట్టడానికి ఎవరో ఆ చేను అడుగుతున్నారట. "ఏమే, అమ్మవారి రాయి ఉంటే ఎవుడు కొంటాడే?"

"కొని పునాది తవ్వితే ఏం పైకొచ్చిద్దో తెలుసుగా అన్నయ్యా. ఆ కాపరి చెయ్యి చూశావుగా."

అన్నయ్య చెప్పులతో నేల గీస్తూ కూర్చున్నాడు. "నాన్న ఉంటే ఇద్దర్నీ చంపేవోడు" అని లేచి, గునపం తనే తెచ్చాడు. చేతికి తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకునేదాకా నేను ముట్టుకోనివ్వలేదు. తూము దగ్గర నుంచి, ఆయన ఏటా నడిచిన వైపుకే, అంగలు నేనే వేశాను. నూట నాలుగు. వేశాక గాని బుర్రకు తట్టలేదు, అవి ఆయన అంగలు. తాటిచెట్టంత మనిషివి. వెనక్కి వెళ్లి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, తొడలు లాగేలా చాచి చాచి మళ్లీ వేశాను. మొదటి చోటికి, రెండో చోటికి మధ్య పెద్ద గది పట్టేంత ఎడం వచ్చింది. రెండో చోట పాతాం.

మొన్న తొలకరి పడింది. మర్నాడు పొద్దున్నే చేలోకి వెళ్లాను. రాయికి అప్పటికే ఎవరో పసుపు పూశారు. తుడవలేదు నేను. గట్టు మీద ఒక ముసలామె పాతిక గొర్రెలను తోలుకుంటూ వచ్చి, రాయిని చూసి, చెప్పులు విడిచింది.

"ఏ అమ్మే ఈమె?"

ప్రభుత్వ ఉద్యోగిని కదా, దొమ్మ గురించి మొత్తం చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, "అది సరేలే, ఈమె ఏం కోరుద్ది?" అంది.

"ఏమీ కోరదు అవ్వా. దూరంగా ఉండమంటది."

ఆమె దండం పెట్టుకుని, నోటితో చప్పుడు చేస్తూ, మందను రాయికి దూరంగా, చేనికి అవతలి పక్కకు తిప్పింది. గొర్రెలన్నీ వెళ్లాయి. ఒక్క పిల్ల మాత్రం వెనకబడింది. రాయికి అల్లంత దూరాన, నా మొదటి లెక్క ఆగిన వైపు, కొత్తగా మొలిచిన గడ్డి మీద, మూతి నేలకు ఆనించి మేస్తోంది.

నేను "హేయ్" అని అరుస్తూ దాని వైపు పరిగెత్తాను. పరిగెత్తుతూ పరిగెత్తుతూనే, నాకు తెలియకుండానే, అంగలు లెక్కపెడుతున్నాను.