మెట్టు దిగినా పిలవని ఆమా

చెంబెడు వేణ్ణీళ్ల దగ్గర కూడా బేరమాడి, ఉన్న ఇల్లు పోగొట్టుకున్న ఘనత మా నరసరావుపేట బట్టల బజారులో నా ఒక్కదానికే దక్కింది.

రెండేళ్ల క్రితం నేపాల్‌లో ఒక కొండ ఊరి బడికి వాలంటీరుగా వెళ్లాను. నాకు బస ఇచ్చిన ఇంటావిడను ఊరంతటిలాగే 'ఆమా' అనేదాన్ని, అంటే అమ్మ. స్నానానికి చెంబెడు వేణ్ణీళ్లే ఇచ్చేది. నేను బకెట్ అడిగాను.

"కట్టెలు నేనే మోసుకురావాలి బిడ్డా" అంది వచ్చీరాని హిందీలో.

మా బట్టల కొట్టుకి సరుకు కొనేటప్పుడు నాన్న నేర్పిన పాఠం ఒకటే: "మెట్టు దిగవే, ఆడే ఎనక్కి పిలుస్తాడు." సంచి భుజాన వేసుకుని, వేరే ఇల్లు చూసుకుంటానంటూ మెట్లు దిగాను. ఆమా గబగబా నిండు బిందె తెచ్చి, పూలేసి గుమ్మం పక్కన పెట్టింది. మలుపు దాకా చెవులు వెనక్కే పెట్టి నడిచాను. పిలవలేదు. పౌరుషంతో బడి టీచరుగారింట్లో రోజుకో బకెట్ వేణ్ణీళ్లు పోసుకుంటూ పదకొండు రోజులుండి, ఆమాకు చెప్పకుండానే మా ఊరు వచ్చేశాను.

ఇంట్లో ఇదంతా వెక్కిరిస్తూ చెబితే అమ్మ నా నెత్తిన ఒక్కటిచ్చింది.

"ఓసి పిచ్చిదానా! నిండు బిందె పెట్టింది నువ్వు చల్లంగా ఉండాలనే. పోయే బిడ్డని ఎనకనించి పిలుస్తారటే? అదేమన్నా కొట్టనుకున్నావా?"

టీచరుగారి ఫోన్‌కి చేసి ఆమాను క్షమించమన్నాను.

"తప్పేముంది బిడ్డా? ఆ సాయంత్రం రెండు మోపుల కట్టెలు తెచ్చా. నువ్వే రాలేదు."

ఆ బేరంలో నాకు మిగిలింది పదకొండు బకెట్ల వేణ్ణీళ్లు. వాటికి నేను చెల్లించింది ఆమా ఇల్లు. రెండు మోపుల కట్టెలు ఇప్పటికీ బాకీయే.