రిపోర్టు రాకముందు చెప్పిన సాక్ష్యం

కాంతమ్మ టీచరుగారికి రెండు బాధలు. ఒకటి రొమ్ము క్యాన్సర్. రెండోది అంతకంటే పాతది, తోడికోడలు రేచల్.

రాజోలు దగ్గర మా చర్చిలో ముప్పై ఏళ్ళు సండేస్కూలు నడిపిన మనిషి ఆవిడ. అయినా పాట పాడమంటే అందరూ రేచల్‌నే పిలిచేవారు. ఆ కడుపుమంట ఎన్నడూ ఆరలేదు. ఆఖరికి జబ్బులోనైనా ఈవిడకు వంతు దక్కలేదు. ఈవిడకు ఆపరేషనైన నెలకే రేచల్‌కూ అదే ఆపరేషన్ అయింది. చూడటానికొచ్చినవాళ్ళు కాంతమ్మగారి మంచం పక్కనే కూర్చుని, "పాపం, రేచల్ చిన్నదండీ" అనేవారు.

ఇద్దరి గడ్డల ముక్కలూ జన్యుపరీక్షకు పంపారు. జబ్బు నయమైనవాళ్ళు ఆదివారం లేచి సాక్ష్యం చెప్పడం మా చర్చిలో ఆనవాయితీ. రేచల్ కంటే ముందు తానే చెప్పాలని కాంతమ్మగారు రిపోర్టు రాకుండానే లేచారు.

"దేవుడు నన్ను పూర్తిగా బాగుచేసేడండీ. ఇంక మందులక్కర్లేదు."

చర్చంతా చప్పట్లు కొట్టింది.

గురువారం రిపోర్టులొచ్చాయి. రేచల్ గడ్డలో ఏ మార్పూ లేదు. కాంతమ్మగారి గడ్డలో మాత్రం జన్యుమార్పు కనబడింది. కాకినాడ డాక్టరు ఫోన్ చేశాడు.

"జబ్బు ఒళ్ళంతా పాకిందని కాదమ్మా. పాకే అవకాశం ఎక్కువుండొచ్చని గుర్తు. మందు మార్చాలి, వెంటనే రండి."

"ఆయ్, అలాగేనండి" అన్నారు గానీ వెళ్ళలేదు. భర్త దానియేలుగారు రెండు వారాలు బతిమాలారు.

"ఇప్పుడు ఆసుపత్రికెళ్తే రేచల్ ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోనండీ?" అని కసిరారు. "దాని గడ్డే పెద్దదండి. దానికి లేని మార్పు నాకెందుకొచ్చిందండీ?" అని ఏడ్చారు కూడా.

మూడో ఆదివారం రేచల్ మైకు పట్టుకుంది.

"అక్క విశ్వాసం చూసి నాకూ ధైర్యమొచ్చిందండి. మిగిలిన కీమో మానేస్తున్నాను."

మానెయ్యనీ అనుకున్నానని కాంతమ్మగారే తర్వాత నాతో ఒప్పుకున్నారు. ఆ తర్వాతి పాట ఒక చరణం అయ్యేదాకా కదలకుండా కూర్చున్నారు. అప్పుడు లేచి వెళ్ళి మైకు లాక్కున్నారు.

"నేను అబద్ధం చెప్పేనండి. దీనికంటే ముందు చెప్పాలని చెప్పేను. రిపోర్టులో నాకు పాకే గుర్తుందంట. రేపు కాకినాడ వెళ్తున్నాను. ఒసే రేచల్, నువ్వు కీమో మానేవంటే ఊరుకోను."

రేచల్ "అక్కా!" అంటూ కుప్పకూలిపోయింది. ఆడవాళ్ళంతా ఆమె దగ్గరికి పరుగెత్తారు. ఒకరు నీళ్ళు పట్టారు, ఒకరు కొంగుతో విసిరారు. మైకు పట్టుకుని కాంతమ్మగారు ఒక్కరే నిలబడిపోయారు.

"ఇటు చూడండమ్మా" అన్నారు, "పాకేది నాకండీ!"