పసుపు పూసిన బాయిలర్

“అమ్మేద్దాం అక్కా! పాత ఇనుము కిందనన్న తీసుకుంటనంటుండు గదా కోరుట్ల సేటు.”

“తీసుకుంటడు. బాగుచేయించుకొని గదే మనకు కిరాయికిస్తడు. అప్పుడు ఆయన వాకిట్ల చేతులు కట్టుకొని నిలబడు.”

“నీ పసుపు ఇంక భూమిలనే ఉన్నది, నీకేం! నాది తవ్వి కుప్పవోస్తి. కొమ్ములు వడలిపోతున్నయి. సంఘం సంఘమని నన్ను ముంచకు.”

అమ్మేద్దామన్నది మా యారాలు, అంటే మా మరిది భార్య. అడ్డం పడింది నేను. ఊరి ఆడవాళ్ల సంఘమంతా కలిసి కొనుక్కున్న పసుపు ఉడికించే బాయిలర్ మా ఇద్దరి మధ్య ఉలుకూ పలుకూ లేకుండా నిలబడి ఉంది. ఎన్ని కట్టెలు పెట్టినా డ్రమ్ముల్లోకి ఆవిరి రావడం లేదు. తెల్లవారితే సేటు ట్రాలీ పంపుతానన్నాడు. చాలామంది యారాలి మాటకే తల ఊపుతున్నారు.

సంఘం సొత్తు తీరే అంత. కొన్ననాడు అందరూ “మన బాయిలర్” అన్నారు. చెడిపోయిననాడు ఎవరిని అడిగినా “మీ బాయిలర్” అన్నారు. నేను మూడో తరగతి దాకే చదివాను గానీ, ఆ తేడా తెలియడానికి అంత చదువు కూడా అక్కర్లేదు.

మెకానిక్ కూలి దండగని, సిరిసిల్లలో మరమగ్గాలు బాగుచేసే మా అల్లుడికి ఫోన్ చేశాను. సాయంత్రానికల్లా బండి మీద వచ్చాడు. అల్లుడొస్తే కోడిని కోయక తప్పుతుందా! గుడ్లు పెట్టే పెట్ట పోయింది. మెకానికే చవకని అప్పుడు తెలిసింది.

అల్లుడు ఆవిరి గొట్టాలు విప్పి, ఒకదాని మూతిలో చువ్వ పెట్టి గీకాడు. పచ్చటి పెచ్చులు రాలాయి.

“అత్తమ్మా, గిది మిషినా, గడపనా?”

అందరం తలలు దించుకున్నాం. ఈ ఏడు పసుపు ఉడికించడం మొదలుపెట్టే ముందు బాయిలర్‌కు పూజ చేశాం. అందరి సొత్తు కాబట్టి అందరి చేతి పసుపూ పడాల్సిందేనని పట్టుబట్టింది నేనే. కనిపించిన ప్రతి రంధ్రానికీ మెత్తాం. అది ఎండి రాయిలా బిగిసింది.

అల్లుడు గొట్టాలన్నీ గీకి, కడిగి, మళ్లీ బిగించేసరికి డ్రమ్ముల్లోకి ఆవిరి బుసబుసా వచ్చింది. అయినా యారాలు వదల్లేదు.

“పూసుడు అందరికొస్తది, కడుగుడు ఎవ్వలికి రాదు. మళ్ల చెడితె ఎవ్వలు చూస్తరు? నేనైతె అమ్ముడే అంట.”

“నువ్వే చూడు. షెడ్డు తాళంచెయ్యి నీ దగ్గరనే పెట్టుకో. కడగనోళ్లను ముట్టనియ్యకు.”

“నిన్ను గూడనా?”

“ముందుగాల నన్నే.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తాళంచెవి అందుకుంది. మిగతావాళ్లు అమ్మకం మాట ఎత్తలేదు.

మర్నాడు పొద్దున సేటు ట్రాలీ వచ్చేసరికి మొదటి డ్రమ్ములో యారాలి పసుపు ఉడుకుతోంది. డ్రైవరుకు చాయ్ పోసి వట్టి ట్రాలీతోనే పంపించాం. రెండో డ్రమ్ము నేను కడిగాను. యారాలు లోపల చెయ్యిపెట్టి చూసి, మళ్లీ కడగమంది. కడిగాను.